డిస్కౌంటు ముందా, పన్ను ముందా

మా మావయ్యగారు ముప్పై నాలుగేళ్ళు సేల్స్ టాక్స్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. అత్తయ్య చనిపోయిన ఏడాదే, తెనాలిలో ఇల్లు అద్దెకిచ్చేసి మా దగ్గరికి, తెల్లాపూర్‌కి వచ్చేశారు. వచ్చేటప్పుడు రెండు సూట్‌కేసులు, ఒక భూతద్దం తెచ్చుకున్నారు. భూతద్దం పేపరు చదవడానికేమో అనుకున్నాను. కాదు, బిల్లులు చదవడానికి.

ఇంట్లోకి వచ్చిన ఏ బిల్లూ ఆయన చూడకుండా చెత్తబుట్టలోకి వెళ్ళేది కాదు. కిరాణా బిల్లు, మందుల బిల్లు, వాటర్ ఫిల్టర్ బాగుచేసినవాడు ఇచ్చిన బిల్లు, అన్నీ చూసేవారు. చూసి ఏమీ అనేవారు కాదు. మడిచి ఒక పక్కన పెట్టేవారు. ఆ మౌనమే నాకు ఇబ్బందిగా ఉండేది. నేనేదో దుబారా చేస్తుంటే పట్టుకున్నట్టనిపించేది. నిజానికి ఆయన ఖర్చు చూసేవారు కాదు, పన్ను చూసేవారు. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఒకసారి మా ఆయన పుట్టినరోజుకి మాదాపూర్‌లో ఒక హోటల్‌కి వెళ్ళాం. తిన్నంతసేపూ బాగానే ఉంది. బిల్లు రాగానే మావయ్యగారు జేబులోంచి భూతద్దం తీశారు. వెయిటర్‌ని పిలిచి, "ఏమండీ, సర్వీసు చార్జీ మేం ఇవ్వాలంటే ఇస్తాం, లేకపోతే లేదు. దాన్ని మీరే వేసేసుకుని, దాని మీద మళ్ళీ పన్ను కూడా వేశారేమిటండీ?" అని అడిగారు. మర్యాదగానే అడిగారు. కానీ పక్క టేబుల్ వాళ్ళు తిరిగి చూశారు. ఆ టేబుల్ దగ్గర మా ఆఫీసులో ఇంకో టీమ్ వాళ్ళున్నారు. మేనేజరు వచ్చి ఆ చార్జీ తీసేసి కొత్త బిల్లు ఇచ్చాడు. నేను మాత్రం తల దించుకుని సోంపు నములుతూ కూర్చున్నాను. ఇక ఈయన్ని డబ్బులిచ్చే చోటికి ఎక్కడికీ తీసుకెళ్ళకూడదని ఆ రోజే అనుకున్నాను.

అత్తయ్య ఉన్నప్పుడు ఆయనకీ నాకూ మధ్య మాటలన్నీ ఆవిడ ద్వారానే నడిచేవి. ఆవిడ పోయాక మా ఇద్దరికీ మాట్లాడుకోవడం ఎలాగో తెలియలేదు. "కాఫీ తాగుతారా మావయ్యగారూ?" "తాగుతానమ్మాయ్." "టాబ్లెట్ వేసుకున్నారా?" "వేసుకున్నానమ్మాయ్." రోజంతా ఇంతే. ఇంట్లో గొడవ లేదు, కబుర్లూ లేవు.

ఇలా ఉండగా నాకు కారు కొనుక్కోవాలనిపించింది.

నా ఆఫీసు మాదాపూర్‌లో. ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. అంటే, ఎవరో రాసిన ప్రోగ్రాం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసి తప్పులు పట్టుకోవడం. తెల్లాపూర్ నుంచి రోజూ క్యాబ్‌లో వెళ్ళేదాన్ని. డ్రైవరు ఫోన్ చేసి "డ్రాప్ ఎక్కడ మేడం?" అని అడిగి, చెప్పగానే క్యాన్సిల్ చేసేవాడు. వాన పడితే మరీ ఘోరం. ఒక వానాకాలం సాయంత్రం గంటన్నర ఫ్లైఓవర్ కింద నిలబడ్డాక, ఇంటికొచ్చి తల తుడుచుకుంటూ, "నేను డ్రైవింగ్ నేర్చుకుంటాను" అన్నాను. మా ఆయన నవ్వలేదు. అది ఆయన మంచితనం. నాకప్పటికి నలభై ఒకటి.

నేర్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. మా ఆయన కారు ఆయనకే కావాలి. "సెకండ్ హ్యాండ్‌ది చూద్దామా?" అన్నారు. వద్దన్నాను. కొత్తది, చిన్నది, నా పేరు మీద, నా డబ్బుతో. మూడేళ్ళుగా దాచుకున్న డబ్బు ఉంది. ఈ విషయంలో నేను మొండిపట్టు పట్టాను.

గచ్చిబౌలిలో షోరూంకి మొదటిసారి నేనొక్కదాన్నే వెళ్ళాను. నన్ను చూసుకోవడానికి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై మూడేళ్ళుంటాయేమో. వేసుకున్న నల్ల కోటు ఆమెకి రెండు సైజులు పెద్దది. చేతులు మాటిమాటికీ పైకి లాక్కుంటోంది. చేరి నాలుగు నెలలే అయిందని తనే చెప్పింది. బీకాం చదివిందట. పుప్పాలగూడ వాళ్ళట.

"మా తాతోళ్ళకు పుప్పాలగూడల బర్లుండె అక్కా. ఊరంతా మేమే పాలు పోసేటోళ్ళం. ఇప్పుడు గా కొట్టం దగ్గర ముప్పై అంతస్తులు లేసినయ్. మేమే ప్యాకెట్ పాలు కొంటున్నం," అని నవ్వింది. బాధపడుతూ కాదు, విశేషం చెబుతున్నట్టు చెప్పింది. నాకా పిల్ల అప్పుడే నచ్చింది.

ఆకాశం రంగు కారు ఒకటి చూపించింది. కూర్చుని స్టీరింగ్ పట్టుకోగానే, ఇదే అనుకున్నాను. బయటికి మాత్రం "చూద్దాం" అన్నాను.

"నెలాఖరు ఆఫర్ ఉందక్కా. యాభై వేలు డిస్కౌంట్," అని కొటేషన్ కాగితం తీసి చేత్తో రాసిచ్చింది. కారు ధర ఆరున్నర లక్షలు. దాని కింద డిస్కౌంట్ యాభై వేలు. దాని కింద జీఎస్టీ పద్దెనిమిది శాతం. ఆ కింద లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్సు. "మొత్తం ఎంతైతదో సిస్టమ్ల చూసి చెప్తా," అంది. పదివేలు కట్టి బుక్ చేసుకుని, ఆ కాగితం హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని వచ్చేశాను.

నాలుగు రోజుల తర్వాత శనివారం, బిల్లు చూసుకుని మిగతా డబ్బు కట్టడానికి రమ్మన్నారు. మా ఆయన వస్తానన్నారు. సరిగ్గా బయల్దేరే ముందు ఆయనకి ఆఫీసు కాల్ వచ్చింది. అది ఒక పట్టాన తేలేది కాదు. హాల్లోకి వచ్చేసరికి మావయ్యగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పులు కూడా వేసుకుని సోఫాలో కూర్చుని ఉన్నారు.

"వాడికి పనుంటే నేను వస్తానమ్మాయ్," అన్నారు.

వద్దని ఎలా అంటాను? చొక్కా జేబు ఎత్తుగా ఉంది. అందులో ఏముందో నాకు తెలుసు.

షోరూంలో ఆ అమ్మాయి మమ్మల్ని ఏసీ కింద కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, బిల్లు నమూనా తెచ్చిచ్చింది. నేను చివరి అంకె చూశాను. ముందే అనుకున్నదానికి దగ్గరగానే ఉంది. కార్డు తీయబోయాను. మావయ్యగారు చెయ్యి చాచారు. "ఒక్కసారి ఇటివ్వమ్మాయ్."

భూతద్దం బయటికి వచ్చింది. పై నుంచి కిందికి చదివారు. మళ్ళీ కింది నుంచి పైకి చదివారు. నేను గోడమీద టీవీలో తిరుగుతున్న కారు వైపు చూస్తూ కూర్చున్నాను. కాఫీ చల్లారిపోయింది. చివరికి ఆయన ఆ అమ్మాయిని అడిగారు.

"ఏమ్మా, డిస్కౌంటు ఇక్కడ అట్టడుగున ఎందుకుంది?"

"ఏమైంది సార్? యాభై వేలు తీసేసినం కదా."

"తీశారు. కానీ పన్ను వేశాక తీశారు. ముందు ఆరున్నర లక్షల మీద పద్దెనిమిది శాతం వేశారు. లక్షా పదిహేడు వేలు. రెండూ కలిపి ఏడు లక్షల అరవై ఏడు వేలు. అందులోంచి యాభై వేలు తీసి ఏడు లక్షల పదిహేడు వేలన్నారు. అంటే మేం కొనని యాభై వేలకి కూడా పన్ను కడుతున్నాం. అవునా?"

ఆ అమ్మాయి కాగితం వంక, ఆయన వంక చూసింది. "జర ఆగండి సార్, మేనేజర్ సార్‌ని పిలుస్తా," అని లోపలికి వెళ్ళింది.

మేనేజరు వచ్చాడు. నలభై ఐదేళ్ళ మనిషి, నవ్వుముఖం. విన్నాడు. "సార్, గిది మా ఫార్మాట్. సిస్టమ్ల గట్లనే వస్తది. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి. అందరికీ గిదే బిల్లు," అన్నాడు.

అప్పుడు నాకు హ్యాండ్‌బ్యాగులో ఉన్న కొటేషన్ గుర్తొచ్చింది. హోటల్లో తల దించుకున్నదాన్ని ఈసారి తల ఎత్తాననుకుంటూ ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టాను. "మరి ఇందులో డిస్కౌంట్ ముందు రాసి, జీఎస్టీ తర్వాత రాశారు కదండీ!"

మేనేజరు ఆ కాగితం చూశాడు. ముఖంలో నవ్వు పోయింది. మా వైపు కాదు, ఆ అమ్మాయి వైపు తిరిగాడు.

"ఏందమ్మా ఇది? డిస్కౌంట్ పైన రాయమని ఎవరు చెప్పిన్రు నీకు? ఇప్పుడు ఫరక్ పడ్డ పైసలు ఎవరియ్యాలె? నీ ఇన్సెంటివ్ల కెళ్ళి కట్ చేస్తరు, ఎర్కనా?"

ఆ పిల్ల కోటు చేతులు పైకి లాక్కుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ కిందికి రానివ్వలేదు. నాకు ప్రాణం చివుక్కుమంది. ఎందుకు తీశాను ఆ కాగితం అనుకున్నాను. తొమ్మిది వేల తేడా. నాకు పెద్ద లెక్కలోది కాదు. ఆ పిల్లకి ఎన్ని కార్లు అమ్మితే వస్తుందో!

మావయ్యగారు చెయ్యి చాపి ఆ కొటేషన్ తీసుకున్నారు. నాలుగు మడతలు పెట్టి తన జేబులో వేసుకున్నారు.

"ఈ కాగితం సంగతి వదిలెయ్యండి," అన్నారు మేనేజరుతో. "ఆ పిల్ల తప్పేం రాయలేదు. ఒకవేళ తప్పు రాసినా, దీన్ని పట్టుకుని నేను మిమ్మల్ని ఏమీ అడగను. మీ బిల్లు సంగతే మాట్లాడుకుందాం. ఈ కారు మీద మీ చేతిలో ఎంత మిగులుతుందో చెప్పగలరా?"

"మార్జిన్ చెప్పం సార్," అన్నాడు మేనేజరు అనుమానంగా.

"మార్జిన్ కాదండి. మేమిచ్చే డబ్బులో పన్ను సర్కారుకి కట్టేశాక మీ దగ్గర ఎంత ఉంటుందని అడుగుతున్నాను. లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు పక్కన పెట్టండి. పెన్నివ్వమ్మా."

ఆ అమ్మాయి పెన్నిచ్చింది. ఆయన బ్రోషర్ వెనక తెల్లగా ఉన్న చోట రాయడం మొదలుపెట్టారు. నేను ఆయన చేతిరాత అంత దగ్గరగా చూడటం అదే మొదలు. అచ్చు వేసినట్టుంది.

"మీ పద్ధతిలో మేం మీకిచ్చేది ఏడు లక్షల పదిహేడు వేలు. మీరు బిల్లులో చూపించిన పన్ను లక్షా పదిహేడు వేలు. అది సర్కారుకి కట్టాల్సిందే. కడితే మీకెంత మిగిలింది?"

"ఆరు లక్షలు," అన్నాడు మేనేజరు.

"సరే. ఇప్పుడు డిస్కౌంటు ముందు తీద్దాం. ఆరున్నరలో యాభై వేలు పోతే ఆరు లక్షలు. దాని మీద పద్దెనిమిది శాతం, లక్షా ఎనిమిది వేలు. మేం మీకిచ్చేది ఏడు లక్షల ఎనిమిది వేలు. పన్ను కట్టాక మీకెంత మిగిలింది?"

మేనేజరు బ్రోషర్‌ని తన వైపు తిప్పుకున్నాడు. పెదవులు కదుపుతూ లెక్క చూసుకున్నాడు. "ఆరు లక్షలే," అన్నాడు మెల్లగా.

"మీకు పైసా తగ్గలేదు. మాకు తొమ్మిది వేలు తగ్గింది. ఈ పిల్ల జీతంలోంచి ఎవరూ ఏమీ కోయక్కర్లేదు. బిల్లులో ముందే చూపించిన డిస్కౌంటుకి పన్ను లేదండీ. మీ అకౌంట్స్ వాళ్ళని అడగండి, నా మాట నమ్మక్కర్లేదు."

అకౌంట్స్ ఆయన పై అంతస్తు నుంచి దిగి వచ్చాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని బ్రోషర్ చూశాడు. "పెద్దాయన చెప్పింది కరెక్టే," అన్నాడు మేనేజరుతో. "బిల్లుల రెండు కాలమ్‌లు ఉన్నయ్. డిస్కౌంట్ పై కాలమ్ల వేస్తే ట్యాక్స్ తగ్గుతది. మీరు ఎప్పుడూ కింది కాలమ్ల వేస్తున్నరు. మీరెంత చూపిస్తే మేం గంత కడుతున్నం."

నాకిక్కడ ఒళ్ళు పులకరించింది. ఇరవై ఏళ్ళుగా నేను చేసే పని ఇదే. స్క్రీన్ మీద ఒకే పేరుతో రెండు గడులుంటాయి. వాడేవాళ్ళు కనబడినదాంట్లో నింపేస్తారు. ప్రోగ్రాం తప్పు కాదు, అంకె తప్పు కాదు, కానీ జవాబు తప్పు. అలాంటిదొకటి పట్టుకోవడానికి మా టీమ్‌లో ఐదుగురం వారం రోజులు కూర్చున్న సందర్భాలున్నాయి. ఈయన ఒక కప్పు కాఫీ చల్లారేలోపు పట్టుకున్నారు.

కొత్త బిల్లు వచ్చింది. ఏడు లక్షల ఎనిమిది వేలు. మేనేజరు దాన్ని పట్టుకుని నిలబడి, "అంటే ఇన్ని రోజులు సర్కారుకు మేం ఊకెనే కట్టినమా?" అన్నాడు.

"మీరు కట్టలేదండి. కొన్నవాళ్ళు కట్టారు," అన్నారు మావయ్యగారు. గొంతులో కోపం లేదు. మేనేజరు తల గోక్కున్నాడు. ఆ అమ్మాయితో, "ఇందాక ఊకె అన్న, మనసుల పెట్టుకోకు," అన్నాడు. అది చెప్పడం అతనికి కష్టమైనట్టే ఉంది. చెప్పాడు మరి.

అక్కడితో అయిపోవాల్సింది. కానీ మావయ్యగారికి ఊపు వచ్చింది. ఎన్నాళ్ళకో ఆయన ముఖంలో వెలుగు చూశాను. "ఇక లైఫ్ ట్యాక్సు. అది కూడా తగ్గిన ధర మీదే వేస్తారు కదా, మార్చెయ్యండి," అన్నారు.

ఆ అమ్మాయే గొంతు సవరించుకుంది.

"తాతా... సారీ, సార్. గది తగ్గదు."

"ఎందుకు తగ్గదూ?"

"లైఫ్ ట్యాక్స్ కంపెనీ రేటు మీదనే వేస్తరు సార్. మేం డిస్కౌంట్ ఎంతిచ్చినా ఆర్టీఏ వాళ్ళు లెక్కల తీస్కోరు. పది వేలిచ్చినా గంతే, లక్ష ఇచ్చినా గంతే. ముందు బిల్లు ధర మీద వేసేటోళ్ళంట. ఇప్పుడు గట్ల లేదు."

మావయ్యగారు కుర్చీలో వెనక్కి వాలారు. ఇక యుద్ధమే అనుకున్నాను. ఆర్టీఏ ఆఫీసుకి పోదాం పద అంటారేమోనని భయపడ్డాను. ఆయన కాసేపు పైకప్పు వైపు చూశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. శబ్దం లేకుండా, భుజాలు కదిలేలా. అత్తయ్య పోయాక ఆయన అలా నవ్వడం నేను చూడలేదు.

"భలే పని చేశారు," అన్నారు. "సరేనమ్మా, దాన్నలాగే ఉంచు."

ఎందుకు నవ్వారో తిరిగి వచ్చేటప్పుడు క్యాబ్‌లో అడిగాను. అడిగాక ఆగలేదు. గచ్చిబౌలి నుంచి తెల్లాపూర్ దాకా ఆయనే మాట్లాడారు.

ఆయన సర్వీసులో ఉన్నప్పుడు ఒక స్కూటర్ల వ్యాపారి ఉండేవాడట. ప్రతి బిల్లులోనూ భారీ డిస్కౌంటు చూపించేవాడట. తగ్గించిన ధర మీదే పన్ను కట్టేవాడట. చూపించిన డిస్కౌంటంతా బల్ల కింద నుంచి నగదుగా వసూలు చేసేవాడట. "కాగితం మీద దానం, చేతిలో వసూలు," అన్నారు. "వాణ్ణి పట్టుకోవడానికి కొన్నవాళ్ళ ఇళ్ళకి సైకిలేసుకుని తిరిగాను. ఎవరూ నోరు విప్పలేదు. ఏడాది తిరిగాను. ఇప్పుడు చూడు, ఈ ఆర్టీఏ వాళ్ళు ఒక్క మాటతో తేల్చేశారు. మీరూ మీరూ ఏం బేరమాడుకున్నారో మాకనవసరం, కారు ధర ఇదీ, దీని మీద కట్టండి. మాకా ఆలోచన రాలేదమ్మాయ్."

"కానీ లైఫ్ ట్యాక్సులో మనకి ఏడు వేల పైచిలుకు ఎక్కువ పడింది కదా మావయ్యగారూ?"

"పడింది. నిజాయితీగా డిస్కౌంటు తీసుకున్నవాళ్ళకి అన్యాయమే. అయినా ముచ్చటగా ఉంది."

ఆ కొటేషన్ ఎందుకు జేబులో వేసుకున్నారని కూడా అడిగాను. కిటికీలోంచి చూస్తూ చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో చెక్‌పోస్టులో ఉండగా పై అధికారి చెప్పినట్టే ఒక లారీ వివరాలు రాశారట. తర్వాత అది తప్పని తేలింది. చెప్పిన అధికారి తప్పించుకున్నాడు. చేతిరాత ఈయనది కాబట్టి ఇంక్రిమెంటు ఆపేశారు. ఆ ఏడాది అత్తయ్య పక్కింటివాళ్ళకి జాకెట్లు కుట్టి ఇల్లు నడిపారట.

"ఆ కాగితం చూపించి గట్టిగా నిలబడితే మనకి తొమ్మిది వేలూ ఇచ్చేవాళ్ళే. రాసిన చెయ్యి ఎవరిదో చూసి వసూలు చేసుకునేవాళ్ళు. అందుకే తీసేశాను," అన్నారు.

మా పెళ్ళయి పదిహేనేళ్ళు. అత్తయ్య జాకెట్లు కుట్టారన్న సంగతి మా ఆయనకి కూడా తెలియదు.

మరుసటి వారం కారు ఇచ్చారు. షోరూం వాళ్ళు ఎర్ర రిబ్బను కట్టారు. ఆ అమ్మాయి నాలుగు నిమ్మకాయలు తనే తెచ్చి చక్రాల కింద పెట్టింది. మావయ్యగారిని ఈసారి సారీ చెప్పకుండానే "తాతా" అని పిలిచి కొబ్బరికాయ ఆయన చేతికిచ్చింది. ఆయన కొట్టారు. ఒక్క దెబ్బకి పగల్లేదు, రెండోదానికి పగిలింది. మా ఆయన వెనక సీట్లో కూర్చున్నారు, మావయ్యగారు నా పక్కన. సర్వీసు రోడ్డు మీద ముప్పై దాటకుండా వచ్చాను. వెనక ఎవరెన్ని హారన్లు కొట్టినా మావయ్యగారు, "కొట్టనీ అమ్మాయ్, హారన్ మీద పన్నేమీ లేదు కదా," అన్నారు. నవ్వు వచ్చి స్టీరింగ్ కొంచెం పక్కకి పోయింది.

నెల తిరక్కుండానే ఆ అమ్మాయి ఫోన్ చేసింది. నాకు కాదు, మావయ్యగారికి. నెంబరు ఎప్పుడు తీసుకుందో నాకు తెలియదు. పాత కారు ఇచ్చి కొత్తది కొనే కస్టమరు ఒకాయన వచ్చాడట. పాత కారు ధర కొత్త కారు బిల్లులో తగ్గించి చూపమంటున్నాడట. అది డిస్కౌంటు లెక్కలోకి వస్తుందా అని సందేహం. మావయ్యగారు సోఫాలో నిటారుగా కూర్చున్నారు. "రాదమ్మా. అది తగ్గింపు కాదు, డబ్బు బదులు కారిస్తున్నాడు, అంతే. డిస్కౌంటు వేరు, చెల్లింపు వేరు. ఇప్పుడు రాసుకో..." అరగంట చెప్పారు. టీవీలో వార్తలు వాటంతట అవే నడిచాయి.

తర్వాత ఫోన్లు ఎక్కువయ్యాయి. "ఫోన్లో ఎందుకు, ఆదివారం ఇంటికి రమ్మనండి," అన్నాను. వచ్చింది. స్కూటీ మీద, నోటుపుస్తకంతో. కోటు లేకుండా చూస్తే ఇంకా చిన్నపిల్లలా ఉంది. మొదటి ఆదివారం మా డైనింగ్ టేబుల్ మీద పది రకాల బిల్లులు పరిచి కూర్చున్నారు ఇద్దరూ. ఆయన ఇన్నాళ్ళూ మడిచి పక్కన పెట్టినవే అవి. ఒక్కటీ పారేయలేదన్నమాట. "ఇందులో తప్పేంటో చెప్పు," అంటారు ఈయన. పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచిస్తుంది ఆ పిల్ల. "తాతా, మందుల మీద గింత ట్యాక్స్ ఎందుకేసిన్రు?" "శభాష్. అది మందు కాదు, చూడు. ముఖానికి రాసుకునే క్రీము."

ఆయనకి ఇన్ని మాటలు వచ్చని నాకెప్పుడూ తెలియదు. నేను వంటింట్లోంచి వింటూ ఉండేదాన్ని. కొన్నాళ్ళకి నేనూ వెళ్ళి టేబుల్ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చునేదాన్ని. మా ఆయన ఇదంతా చూసి, "మా నాన్న నాకు లెక్కలు చెప్పినప్పుడు ఇంత ఓపిగ్గా చెప్పలేదు," అని గొణిగారు. "నువ్వు ఇలా అడిగితే కదరా," అన్నారు మావయ్యగారు.

ఆరు నెలలు గడిచాక షోరూంలో ఆమెని అమ్మకాల నుంచి పై అంతస్తుకి, బిల్లులు చేసే చోటికి మార్చారు. సిఫారసు చేసింది ఆ మేనేజరేనట. జీతం కొంచెం పెరిగింది. నెలాఖరున ఎన్ని కార్లమ్మావని అడిగేవాళ్ళు లేరు. ఆ మాట చెప్పడానికి ఆదివారం దాకా ఆగలేక, బుధవారం సాయంత్రం డ్యూటీ దిగి స్వీట్ల డబ్బాతో వచ్చింది. "ఇప్పుడు డిస్కౌంట్ అంతా పై కాలమ్లనే తాతా," అంది గుమ్మంలోనే. మావయ్యగారు లడ్డూ తీసుకుని, "బిల్లు తెచ్చావా?" అన్నారు. ఆ పిల్ల నిజంగానే పర్సులోంచి స్వీట్ల కొట్టు బిల్లు తీసిచ్చింది.

తర్వాత ఒక ఆదివారం స్కూటీ పాడైందని ఆటోలో వచ్చింది. పాఠం అయ్యాక నేనే కారులో దింపుతానన్నాను. మావయ్యగారూ బయల్దేరారు. పుప్పాలగూడ లోపలి సందుల్లో, పెద్ద టవర్ల వెనక వాళ్ళ ఇల్లు. వాకిట్లో కారు నిలిపితే వాళ్ళమ్మ చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"పోతమంటే ఎట్ల? లోపటికి రాండ్రి. అన్నా, జొన్నరొట్టె తింటరా? పొయ్యి మీదనే ఉంది," అంది మావయ్యగారితో.

మా ఇంట్లో ఏది పెట్టినా రెండోసారి అడగని మనిషి. అక్కడ చాప మీద కూర్చుని, రొట్టె, పుంటికూర పప్పు తిని, "ఇంకో సగం పెట్టమ్మా," అన్నారు. సగం కాదు, ఒకటి వేసిందావిడ. తిన్నారు. వాళ్ళ బర్రెల సంగతులు అడిగారు. పాల లెక్క ఎలా రాసేవాళ్ళని అడిగారు. గోడ మీద బొగ్గుతో గీతలు గీసేవాళ్ళమని ఆవిడ చెబితే, "మంచి పద్ధతి, ఎవరూ దిద్దలేరు," అని తలూపారు. నేను కూడా రెండు రొట్టెలు తిన్నాను. మా వైపు గోంగూర అనే ఆ పుంటికూర ఎలా వండాలో ఆవిడ చెప్పింది, ఫోన్లో రాసుకున్నాను.

బయల్దేరేటప్పుడు ఆవిడ రొట్టెలు ఒక కాగితంలో చుట్టి మా ఆయన కోసమని నా చేతిలో పెట్టింది. కారెక్కాక మావయ్యగారు సీటు బెల్టు తనే పెట్టుకుని, "నెమ్మదిగా పోదాం అమ్మాయ్, తొందరేముంది," అన్నారు. రోడ్డు ఖాళీగా ఉంది. నెమ్మదిగానే పోయాం. దారిపొడవునా ఆయన అత్తయ్య వండే గోంగూరకీ, ఇప్పుడు తిన్న పుంటికూరకీ తేడా ఏమిటో వివరంగా చెబుతూనే ఉన్నారు.